నిశ్శబ్దంగా నడిచే మనుషుల వల్ల అడవి జంతువులకు ఇబ్బంది ఏమిటి?

మీ బృందం ప్రభుత్వ అడవిలో కాలినడకన తిరుగుతుంది, కొందరు సైకిళ్లపై వెళ్తారు, ఒకరిద్దరు కుక్కలను వెంట తెస్తారు. వేట లేదు, చెట్లు కొట్టడం లేదు, చెత్త వదలడం లేదు. అయినా జంతువులు ఈనే కాలంలో రెండు బాటలను మూసివేస్తామని, కుక్కలకు తాడు తప్పనిసరి చేస్తామని, పొద్దుగూకాక ఎవరినీ అనుమతించబోమని అటవీశాఖ ప్రతిపాదించింది. తమకు జంతువులు దాదాపు కనబడనే కనబడవు కాబట్టి తమ వల్ల వాటికి కలిగే ఇబ్బంది ఏమిటని, కనబడినప్పుడు ఎంత దూరం పాటించాలని, ప్రజల అడవిలో ప్రజలనే అడ్డుకోవడం ఎంతవరకు సబబని మీరు అడిగారు. అడవి బాటల నిర్వహణలోనూ, జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌ల పనిలోనూ చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ణి కనుక నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ మూడు ప్రతిపాదనలూ సబబైనవే. అయితే వాటిని ఉన్నవి ఉన్నట్లు ఒప్పుకోవడం కాకుండా, అవి సరిగ్గా అమలయ్యేలా మీరు అడిగి రాబట్టుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

కనబడవు కాబట్టి ఇబ్బంది లేదన్న వాదనను ముందు పరిశీలించాలి, ఎందుకంటే మిగిలిన అపోహలు చాలావరకు దాని నుంచే పుడతాయి. క్షీరదాల్లో ఎక్కువ జాతులకు వాసన పసిగట్టే శక్తి, వినికిడి మనకన్నా ఎంతో మెరుగు. మీరు మలుపు తిరిగేలోపే మీ అలికిడీ మీ ఒంటి వాసనా అవతలికి చేరిపోతాయి. అక్కడ మేస్తున్న జంతువు అప్పటికే పక్కకు తప్పుకొని ఉంటుంది, లేదా పొదలో కదలకుండా అణిగి ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ మీ కంటికి అది ఖాళీ అడవే. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో నీటి గుంటల దగ్గర స్పీకర్లు అమర్చి, మనుషులు మామూలుగా మాట్లాడుకునే మాటలను ఒకసారి, సింహాల గొంతును మరొకసారి వినిపించిన పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సింహం గొంతు విన్నప్పటికన్నా మనిషి మాట విన్నప్పుడు జంతువులు పారిపోయే అవకాశం రెట్టింపుగా కనిపించింది, నీటిని అవి 40 శాతం త్వరగా విడిచి వెళ్లాయి. జిరాఫీలూ చిరుతలే కాదు, ఏనుగులూ ఖడ్గమృగాలూ అదే తీరులో ప్రవర్తించాయి. ఆ మాటల్లో అరుపులు లేవు, బెదిరింపు లేదు.

అది వేటగాళ్ల భయం ఉన్న చోటు కదా, విహారానికి వచ్చేవారి విషయం వేరు కదా అని మీరు అడగవచ్చు. అందుకే విహారపు చప్పుళ్లనే తీసుకుని అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, బ్రిడ్జర్-టీటన్ జాతీయ అడవిలో చేసిన ప్రయోగాన్ని కూడా చెప్పాలి. మనుషుల రద్దీకి దూరంగా, జంతువులు నడిచే దారుల వెంట నడకబృందాల మాటలు, సైకిళ్ల చప్పుడు, మోటారు వాహనాల మోత వినిపించి కెమెరాలతో గమనించారు. 2024లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, మామూలు ప్రకృతి ధ్వనులతో పోల్చితే విహారపు చప్పుళ్లకు జంతువులు పారిపోయే అవకాశం 3.1 నుంచి 4.7 రెట్లు ఎక్కువగా ఉంది. చెవులు రిక్కించి నిలబడిపోయే సమయం కూడా రెండు నుంచి మూడు రెట్లకు పెరిగింది. అన్నింటికన్నా గట్టి ప్రభావం చూపినవి మాట్లాడుకుంటూ వెళ్లే పెద్ద నడకబృందాలు, సైకిల్ బృందాలు. అక్కడ మనిషి కనబడలేదు, వాసన లేదు, వెంటపడటం లేదు. కేవలం శబ్దానికే ఇంత ప్రభావం.

పారిపోకుండా నిలబడిన జంతువు నిశ్చింతగా ఉందనుకోవడం కూడా సరికాదు. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో నల్ల ఎలుగుబంట్లకు గుండె వేగాన్ని నమోదు చేసే పరికరాలు అమర్చి, పైన డ్రోన్లు ఎగరవేసి చూసినప్పుడు వాటిలో ఎక్కువ భాగం ఉన్నచోటు నుంచి కదలనేలేదు. గుండె వేగం మాత్రం అన్నింటిలోనూ పెరిగింది. ఒక సందర్భంలో అంతకుముందున్న స్థాయికన్నా నిమిషానికి 123 సార్లు అధికంగా కొట్టుకుంది. ఎదురుగా నిలబడి మనవైపు చూస్తున్న దుప్పి మనకు అలవాటు పడిందా, పరుగెత్తే ఓపిక లేక ఆగిందా, పక్కన గడ్డిలో కూనను దాచుకుని కదలలేకపోతోందా అన్నది దాని నిలకడను బట్టి తేల్చలేం. కాబట్టి మన ప్రభావానికి కొలత కళ్ల ముందు జరిగే పరుగు కాదు. మన రాకపోకల తరవాత వాటికి ప్రశాంతంగా మిగిలిన చోటు ఎంత, మిగిలిన సమయం ఎంత అన్నదే అసలు కొలత. మీ శాఖ చేసిన మూడు ప్రతిపాదనల్లో రెండు సమయానికి, ఒకటి చోటుకు సంబంధించినవి.

సమయం సంగతి చూద్దాం. ఆరు ఖండాల్లో 62 క్షీరద జాతులపై జరిగిన 76 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది. మనుషుల తాకిడి ఉన్న చోట జంతువుల రాత్రి సంచారం సగటున 1.36 రెట్లకు పెరిగింది. అంటే పగలూ రాత్రీ సమానంగా తిరిగే జంతువు తన సంచారంలో 68 శాతాన్ని రాత్రికి మార్చుకుంటుందన్నమాట. వేట ఉన్న చోట ఎంత మార్పు వచ్చిందో, కేవలం నడక వంటి విహారం ఉన్న చోటా దాదాపు అంతే మార్పు వచ్చింది. నేపాల్‌లోని చిత్వన్‌లో పులులు మనుషులు నడిచే బాటలనే వాడుకుంటూ, తమ తిరుగుడును మాత్రం రాత్రివేళకు మార్చుకున్నట్లు కెమెరా ట్రాప్‌లు చూపించాయి. అంటే మనతో కలిసి బతకడానికి జంతువులు చేసుకున్న సర్దుబాటు రాత్రి మీద ఆధారపడి ఉంది. తలకు లైటు కట్టుకుని రాత్రి సైకిల్ సవారీ మొదలుపెడితే, పగలు వదులుకుని అవి దక్కించుకున్న ఆ వెసులుబాటును కూడా మనం తీసేసుకున్నట్లవుతుంది. తెల్లవారుజాము, సంధ్యవేళ అనేక జంతువులు మేతకూ నీటికీ వచ్చే సమయాలు కనుక, సూర్యోదయం తరవాత ఒక గంటకు నడక మొదలుపెట్టి అస్తమయానికి గంట ముందే అడవి దాటి బయటకు రావడం మంచిదని నేను బృందాలకు చెబుతూ ఉంటాను. శాఖ ప్రతిపాదనకన్నా నా సలహా ఒక మెట్టు కఠినంగా ఉందని తెలుసు.

ఈనే కాలపు మూసివేత గురించి ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బృందంలో ఎక్కువ అభ్యంతరం దానిమీదనే ఉందని రాశారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 1990ల చివర్లో పరిశోధకులు ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పులను ఈనే కాలంలో పదేపదే కాలినడకన సమీపించి, అవి లేచి కదిలేలా చేశారు. ఎవరూ వాటిని ముట్టుకోలేదు, తరమలేదు. అయినా అలా కలవరపెట్టిన గుంపుల్లో తల్లుల సంఖ్యతో పోల్చితే బతికిన పిల్లల సంఖ్య తగ్గింది, కలవరపెట్టని గుంపుల్లో అలాంటి తగ్గుదల లేదు. కలవరపెట్టడం మానేసిన తరవాతి ఏళ్లలో ఆ గుంపుల్లోనూ పిల్లల సంఖ్య కోలుకుంది. నష్టం నిజమని, కొద్ది వారాల సంయమనంతో దాన్ని నివారించవచ్చని ఆ ఒక్క ప్రయోగమే చూపించింది. అప్పుడే పుట్టిన కూన పరుగెత్తలేదు. కదలకుండా పడుకోవడమే దానికి రక్ష. తల్లి బెదిరి దూరంగా వెళ్తే పాలు అందే వేళ తప్పుతుంది, అటుగా వచ్చిన వేటజంతువుకు కూన ఒంటరిగా దొరుకుతుంది. చలిప్రాంతాల్లో ఇదే ఇబ్బంది శీతకాలంలో మరో రూపంలో వస్తుంది. ఆల్ప్స్ పర్వతాల్లో బ్లాక్ గ్రౌస్ పక్షులు మంచులో గుంత చేసుకుని, ఒంట్లో వేడినీ శక్తినీ పొదుపు చేసుకుంటూ రోజులో అధిక భాగం అందులోనే గడుపుతాయి. స్కీయింగ్ చేసేవారు వాటిని లేపినప్పుడు ఒత్తిడిని సూచించే హార్మోన్లు పెరిగినట్లు తేలింది. స్విట్జర్లాండ్‌లో అందుకే వన్యప్రాణుల విశ్రాంతి మండలాలను గుర్తించి, చాలాచోట్ల శీతకాలంలో ఆ మేరకు ప్రవేశాన్ని ఆపుతారు.

దూరం విషయానికొస్తే, అన్ని జంతువులకూ అన్ని చోట్లా సరిపడే ఒకే అంకె ఉండదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఎలుగుబంట్లు, తోడేళ్ల నుంచి కనీసం 100 గజాలు, మిగిలిన పెద్ద జంతువుల నుంచి 25 గజాలు పాటించాలన్న నియమం ఉంది. కానీ అవి ప్రధానంగా మనిషి ప్రాణరక్షణకు పెట్టిన దూరాలు, జంతువు ప్రశాంతతకు పెట్టినవి కావు. అమెరికాలోనే యూటా రాష్ట్రంలోని యాంటెలోప్ ద్వీపంలో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం ఈ తేడాను బాగా చూపుతుంది. బాటమీద వెళ్లేవారికి 100 మీటర్లలోపు ఉన్న బైసన్లు (అడవి దున్నల వంటివి), ప్రాంగ్‌హార్న్‌లు (జింకల వంటివి), మ్యూల్ జింకలు లేచి పారిపోయే అవకాశం 70 శాతం ఉంది. నడకకూ సైకిలుకూ తేడా పెద్దగా కనబడలేదు. అదే మనిషి బాట వదిలి నడిస్తే, 100 మీటర్లలోపు మ్యూల్ జింకలు పారిపోయే అవకాశం 96 శాతానికి పెరిగింది. అది మళ్లీ 70 శాతానికి తగ్గాలంటే దూరం 390 మీటర్లకు చేరాల్సి వచ్చింది. అక్కడికి వచ్చినవారిని అడిగితే సుమారు సగం మంది తమ విహారం వల్ల జంతువులకు నష్టం లేదని చెప్పారు, నష్టం ఉందనుకున్నవారిలోనూ తప్పును ఇతర రకాల విహారుల మీదకు నెట్టే ధోరణి కనబడింది. సైకిళ్లవారిని నడకవారు, నడకవారిని సైకిళ్లవారు తప్పుపట్టే ఈ వాదులాట మీ బృందంలో మొదలుకాకముందే ఆ అధ్యయనం గురించి అందరికీ చెప్పండి.

ఆచరణలో గజాలకన్నా జంతువు ప్రవర్తన మెరుగైన సూచిక. మేస్తున్నది తల ఎత్తి అలాగే ఉండిపోయినా, చెవులు మీవైపు తిప్పినా, కాలితో నేల తట్టినా, తోక ఎత్తినా, పక్షి ఒకే హెచ్చరిక కూతను ఆపకుండా కూస్తున్నా మీరు అవసరానికి మించి దగ్గరైనట్లే. అప్పుడు చేయవలసింది ఆగి ఫొటో తీసుకోవడం కాదు, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి జరగడం. తల్లికీ పిల్లకూ మధ్యకు, జంతువుకూ నీటికీ మధ్యకు ఎన్నడూ పోకూడదు. ఒంటరిగా కనబడిన కూనను తల్లి వదిలేసిందనుకుని తాకవద్దు, ఎత్తుకు రావద్దు. తల్లి సాధారణంగా దగ్గరలోనే మీరు వెళ్లిపోవడం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

బాట వదలడం అంత తేడా ఎందుకు తెస్తుందంటే, ఒకే చోట ఒకే తీరుగా వచ్చిపోయే మనుషులను జంతువులు లెక్కలోకి తీసుకోగలవు. బాట ఎక్కడ ఉందో, దానిమీద జనం ఏ వేళకు వస్తారో వాటికి తెలుస్తుంది, ఆ మేరకు తమ పడకనూ మేతనూ సర్దుకుంటాయి. ఊహించని దిక్కు నుంచి వచ్చే మనిషి విషయంలో ఆ వెసులుబాటు ఉండదు. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో కేపర్‌కేలీ అనే పెద్ద అడవికోడి జాతి పక్షులు విహారపు బాటలకు సుమారు 145 మీటర్ల మేర దూరంగా ఉంటున్నట్లు గుర్తించారు. ఆ అంకెతో ఒక్కసారి లెక్క వేసి చూడండి: బాటకు ఇరుపక్కలా 145 మీటర్ల చొప్పున తీసుకుంటే, ఒక్క కిలోమీటరు బాట 29 హెక్టార్ల అడవిని ఆ పక్షికి పనికిరాకుండా చేస్తుంది. పది మందికి బదులు ముప్పై మంది ఆ బాటమీదనే నడిస్తే ఆ విస్తీర్ణం మూడింతలు కాదు. పక్కనుంచి కొత్తగా ఒక అడ్డదారి పడితే మాత్రం మరో 29 హెక్టార్ల దాకా పోయినట్లే. అందుకే సందర్శకుల సంఖ్యకన్నా బాటల మొత్తం పొడవు, అవి అడవిని ఎన్ని ముక్కలు చేస్తున్నాయన్నది నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. మీలో ఎవరైనా అనధికార అడ్డదారుల జీపీఎస్ జాడలను ఆన్‌లైన్‌లో పెట్టి ఉంటే దయచేసి తొలగించండి, ఎందుకంటే ఒకరు వేసిన జాడ కొన్ని నెలల్లోనే నేల గట్టిపడిన బాటగా మారుతుంది.

సైకిళ్ల గురించి ఒక్క మాట. ఒక్కో ఎదురుపాటులో జంతువు బెదురు నడకకూ సైకిలుకూ సమానంగా ఉన్నా, సైకిల్ మీద వెళ్లేవారు అదే గంటలో ఎన్నో రెట్ల దూరం తిరుగుతారు కాబట్టి ఎదురుపాట్ల సంఖ్య పెరుగుతుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో స్టార్కీ ప్రయోగ అడవిలో ఎల్క్‌ల కదలికలను పరికరాలతో గమనించినప్పుడు, అవి మోటారు వాహనాలను అన్నింటికన్నా ఎక్కువగా, తరవాత సైకిళ్లను, ఆ తరవాత నడకనూ గుర్రపుసవారీనీ తప్పించుకుని తిరిగాయి. పైగా వేగంగా, చప్పుడు లేకుండా మలుపు తిరిగే సైకిల్ ఎలుగుబంటి వంటి జంతువు మీదకు హఠాత్తుగా వెళ్లి పడే ప్రమాదం ఉంది. అలాంటి జంతువులున్న అడవిలో దట్టమైన పొదల దగ్గర, హోరెత్తే వాగుల పక్కన, కనబడని మలుపుల్లో వేగం తగ్గించి మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ వెళ్లాలి; చూపు ఆనే చోట మౌనంగా సాగవచ్చు. శబ్దం ఇబ్బంది అని పైన చెప్పినదానికి ఇది విరుద్ధం కాదు, హఠాత్తుగా ఎదురుపడటం ఇరువురికీ అంతకన్నా పెద్ద ఇబ్బంది.

కుక్కల విషయంలో నాకు రాజీ లేదు. సిడ్నీ సమీప అడవుల్లో చేసి 2007లో ప్రచురించిన ప్రయోగంలో, తాడు కట్టిన కుక్కతో నడిచిన వెంటనే ఆ బాట పొడవునా పక్షి జాతుల వైవిధ్యం 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి; కుక్కలు తరచూ వచ్చే చోట కూడా ఫలితం మారలేదు. తాడుతోనే అంత తేడా ఉంటే, నేలమీద గూళ్లు పెట్టే పక్షుల మధ్య విడిచిపెట్టిన కుక్క చేసే నష్టం ఊహించవచ్చు. ప్రజలకు విహారహక్కు ఎంతో విశాలంగా ఉన్న నార్వేలో సైతం ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 వరకు కుక్కలకు తాడు తప్పనిసరి. వ్యాధుల భయం వేరే ఉంది. పెంపుడు కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాల్లో సుమారు మూడో వంతును బలి తీసుకుంది. టీకాలు వేయించని కుక్కను అడవికి తీసుకురావడమే తప్పు.

తిండి విషయం మీ బృందానికి తెలిసినదే అయినా గుర్తుచేస్తాను. ఎల్లోస్టోన్‌లో దశాబ్దాల పాటు చెత్తకుప్పల మీద బతకడానికి అలవాటుపడిన గ్రిజ్లీ ఎలుగుబంట్లు, 1970 ప్రాంతంలో ఆ కుప్పలను మూసివేయగానే క్యాంపుల మీదకు వచ్చి, ఎన్నో చంపబడ్డాయి. 1975లో ఆ జాతిని రక్షిత జాబితాలో చేర్చాల్సి వచ్చింది. మనిషి పెట్టిన తిండి చివరికి జంతువు ప్రాణం మీదికే వస్తుందనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. చెప్పుల అడుగున అంటుకున్న మట్టి గురించి మాత్రం చాలామంది ఆలోచించరు. న్యూజిలాండ్‌లో కౌరీ మహావృక్షాలను చంపే సూక్ష్మజీవి మట్టితో పాటు బూట్లకు అంటుకుని వ్యాపిస్తుంది కనుక అక్కడ బాటల మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే కేంద్రాలు పెట్టారు. ఒక అడవి నుంచి మరో అడవికి వెళ్లే ముందు బూట్లు, సైకిల్ చక్రాలు కడిగి ఆరబెట్టడం ఐదు నిమిషాల పని.

ఇక ప్రజల అడవి అన్న మూడో ప్రశ్న. ప్రజలది అంటే వచ్చిన ప్రతివారూ ప్రతి చోటికీ ప్రతి వేళకూ వెళ్లవచ్చని అర్థం కాదు. అమెరికా జాతీయ అడవుల గురించి 1960లో చేసిన చట్టం విహారాన్ని, కలపను, పశువుల మేతను, నీటి పరీవాహకాన్ని, వన్యప్రాణులను, చేపలను ఒకే వరుసలో ఉద్దేశాలుగా పేర్కొంది; విహారం వాటిలో ఒకటి, మిగిలినవాటికి పైది కాదు. నార్వే 1957 చట్టం అడవిలో తిరిగే హక్కును ఇస్తూనే జాగ్రత్తగా మసలుకునే బాధ్యతనూ పెట్టింది. మరోవైపు, మనుషులను పూర్తిగా బయట ఉంచడమే పరిష్కారమనే వాదనతోనూ నేను ఏకీభవించను. ఎల్లోస్టోన్ పరిసరాల్లో గర్భంతో ఉన్న మూస్ అనే భారీ దుప్పులు ఎలుగుబంట్ల బారి నుంచి తప్పించుకోవడానికి రోడ్లకు దగ్గరగా వచ్చి ఈనుతున్నట్లు 2007లో వెల్లడైంది. మన ఉనికి ప్రభావం ప్రతి జాతిపైనా ఒకేలా ఉండదు. అడవిలో నడిచి దానిమీద మమకారం పెంచుకున్నవారే గనుల తవ్వకాలు, రోడ్లు వచ్చినప్పుడు దానికోసం నిలబడతారని నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే మీ బృందం రావడం ఆగకూడదని నా కోరిక.

శాఖ వారితో సమావేశంలో మూసివేతను వ్యతిరేకించే బదులు కొన్ని విషయాలు అడగండి. ఏ జాతి కోసం మూస్తున్నారో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో, ఆ తేదీలు ఆ జాతి ఈనే కాలంతో సరిపోతున్నాయో లేదో రాతపూర్వకంగా చెప్పమనండి. మూసే ముందూ మూసిన తరవాతా కెమెరా ట్రాప్‌లతో గమనించి, రెండు మూడేళ్లకొకసారి సమీక్షించి, అవసరం లేదని తేలితే తెరిచే ఏర్పాటు ఉండాలని కోరండి. మూసిన రెండు బాటలకు బదులు ఇప్పటికే రోడ్డు పక్కగా, క్యాంపు మైదానం చుట్టూ ఉన్న బాటలను మెరుగుపరచమని, అనధికార అడ్డదారులను కొమ్మలతో కప్పి మాన్పించే పనిలో మీ బృందం శ్రమదానం చేస్తుందని చెప్పండి. మూసివేత బోర్డు మీద నిషేధం ఒక్కటే కాకుండా కారణమూ తెరిచే తేదీ కూడా రాయించండి. కారణం తెలిసిన సందర్శకులు చాలావరకు బోర్డు దగ్గరే వెనుదిరుగుతారు, కారణం లేని బోర్డును దాటి వెళ్లినవారి చెప్పుల జాడలు వారం తిరగకుండానే దాని వెనుక కనబడతాయి.